జానకి అనే పేరు: అర్థం, చరిత్ర, ఇప్పుడు పెట్టేవాళ్లున్నారా?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. పాపకి పేరు పెట్టాలి. నక్షత్రం ఉత్తరాషాఢ మూడో పాదం, పంతులుగారు "జా" అక్షరం ఇచ్చారు. మా మనసు "జానకి" మీద ఉంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్తారని అడుగుతున్నాను.
అర్థం "జనకుడి కూతురు" అనేనా, ఇంకేమైనా ఉందా? సీతమ్మ పేరు పెడితే సీతమ్మ కష్టాలు వస్తాయని పెద్దవాళ్లు అంటున్నారు, దానికి శాస్త్రంలో ఆధారం ఉందా? మరీ పాతకాలపు పేరు అనిపిస్తుందా? ఇంగ్లీషులో ఏ స్పెల్లింగు మంచిది? దగ్గరి బంధువులు అమెరికాలో, జర్మనీలో ఉన్నారు, వాళ్లందరూ పలకగలగాలి.

శబ్దమంజరి
అర్థం అదే. అయితే ఆ మాట ఎలా కట్టారో చూస్తే పేరు మీద ఇష్టం ఇంకా పెరుగుతుంది.
సంస్కృతంలో "ఫలానావారి సంతానం" అని చెప్పడానికి తండ్రి పేరుకి "అణ్" అనే తద్ధిత ప్రత్యయం చేరుస్తారు. అది చేరగానే మొదటి అచ్చుకి వృద్ధి వస్తుంది, అంటే "అ" కాస్తా "ఆ" అవుతుంది. జనక లోని "జ" అలా "జా" అయింది. చివర స్త్రీ ప్రత్యయం "ఈ" చేరితే జానకీ. పర్వతుడి కూతురు పార్వతి, ద్రుపదుడి కూతురు ద్రౌపది అయినట్టే ఇదీ. తండ్రి పేరు బదులు దేశం పేరు పెట్టినా దారి అదే: విదేహ నుంచి వైదేహి, మిథిల నుంచి మైథిలి, గాంధారం నుంచి గాంధారి.
తెలుగులోకి వచ్చేసరికి చివరి దీర్ఘం పోతుంది. సీతా అన్నది సీత అయినట్టు జానకీ అన్నది జానకి అవుతుంది. విడిగా రాసేటప్పుడు "జానకి" సరైనది. సంస్కృత సమాసంలో మాత్రం దీర్ఘం ఉంటుంది: జానకీదేవి, జానకీనాథుడు, జానకీరమణుడు. పిలిచేటప్పుడు ఎలాగూ "జానకీ!" అని సాగదీస్తాం, అది సంబోధన. దాన్ని చూసి సర్టిఫికెట్లో "జానకీ" అని రాయించకండి.
ఇంకొక సంగతి. జనకుడు అన్నది ఒక్క మనిషి పేరు కాదు, మిథిలని ఏలిన వంశంలో తరతరాలుగా వచ్చిన పేరు. సీతని పెంచిన జనకుడి సొంత పేరు సీరధ్వజుడు. సీరం అంటే నాగలి, ఆయన జెండా మీద గుర్తు. ఆయన తమ్ముడు కుశధ్వజుడు. వ్యాకరణం ప్రకారం ఊర్మిళని కూడా జానకి అనవచ్చు, ఆవిడ కూడా సీరధ్వజుడి కూతురే. కానీ వాడుకలో ఆ పేరు సీతకే స్థిరపడింది.
"జనకుడు" అంటే తండ్రి అనే మామూలు అర్థం కూడా ఉంది కాబట్టి "నాన్న కూతురు" అని అన్వయించుకున్నా తప్పు లేదు.

భద్రగిరి
శబ్దమంజరి గారు చెప్పిన అర్థం మొత్తాన్ని రామదాసు ఒక్క అనుపల్లవిలో పెట్టేశాడు. "నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి" కీర్తనలో "జనకుని కూతురా జననీ జానకమ్మ" అంటాడు. జనకుడు, జనని, జానకమ్మ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. అందులో మొదటిది తండ్రి, రెండోది తల్లి. కూతురిగా పుట్టిన ఆవిడనే తల్లీ అని పిలుస్తున్నాడు. పైగా ఆ కీర్తనలో రాముడితో నేరుగా మాట్లాడడు, ఆవిడ చేత చెప్పిస్తున్నాడు. భద్రాచలం ప్రాంతంలో ఈ పేరుకున్న బలం అక్కడిది.
త్యాగరాజస్వామి "జానకీ రమణ" కూడా గుర్తు చేసుకోండి, శుద్ధ సీమంతిని రాగం. "శ్రీ జానకీ మనోహర" ఈశమనోహరిలో ఉంది. రోజూ చదివే ఆంజనేయ శ్లోకంలో "జానకీ శోకనాశనం" అనే వస్తుంది. పాడే పేరు కాబట్టే ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. జా-న-కీ అని గురువు, లఘువు, గురువు వరుస తాళంలో చక్కగా ఒదుగుతుంది.

పంచాంగం_శర్మ
అక్షరం సరిపోయింది. ఉత్తరాషాఢ నాలుగు పాదాలకి "బే, బో, జా, జీ". మూడో పాదానికి జా. మొదటి పాదం ధనుస్సు, మిగతా మూడూ మకరం, కనుక అమ్మాయిది మకరరాశి.
ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం అమ్మవారి ఇతర పేర్లకి కూడా చెప్తాను. సీత అంటే "సీ", శతభిషం మూడో పాదం. వైదేహి అంటే "వై", దాన్ని "వే" కింద లెక్కిస్తారు కనుక మృగశిర మొదటి పాదం. మైథిలికి "మే" తీసుకుని మఖ నాలుగో పాదం. అక్షరం కలవకపోయినా ఇబ్బంది లేదు. బారసాల నాడు నక్షత్రనామం చెవిలో చెప్పి, వ్యవహారనామం వేరే పెట్టుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.
శాస్త్రం సంగతికి వస్తే, ఇంట్లో చేసే సంస్కారాలు చెప్పే ఆపస్తంబ గృహ్యసూత్రం ఆడపిల్ల పేరు బేసి సంఖ్య అక్షరాలతో ఉండాలంటుంది. జా, న, కి మూడు. సీత రెండక్షరాలే కాబట్టి ఆ లెక్కలో నిలవదు, అందుకే కొందరు సీతామహాలక్ష్మి అని పెంచుతారు. అది ఏడక్షరాలు. పారస్కర గృహ్యసూత్రం ఇంకాస్త ముందుకు వెళ్లి, మగపిల్లల పేరు కృదంతం (ధాతువు నుంచి కట్టిన మాట) కావాలి, తద్ధితం (ఇంకో పేరు నుంచి కట్టిన మాట) కారాదు, ఆడపిల్లల పేరు తద్ధితం కావాలి అంటుంది. శబ్దమంజరి గారు చెప్పిన అణ్ ప్రత్యయం సరిగ్గా తద్ధితమే. కాకపోతే పారస్కరుడు "ఆ"తో ముగియాలన్నాడు, జానకీ "ఈ"తో ముగుస్తుంది. మనువు దీర్ఘంతో ముగిస్తే చాలన్నాడు, అర్థం స్పష్టంగా, సుఖంగా పలికేలా, మంగళకరంగా ఉండాలన్నాడు. తెలుగునాట కృష్ణయజుర్వేదులు ఎక్కువగా ఆపస్తంబాన్నే అనుసరిస్తారు, కనుక మీకు అడ్డేమీ లేదు.

ఓరుగల్లు_చదువరి
కష్టాల భయం గురించి. "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అని సామెతే ఉంది కాబట్టి పెద్దవాళ్ల మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది. కానీ పేరు పెడితే ఆ జీవితం వస్తుందని ధర్మశాస్త్రంలో నాకు తెలిసినంతలో ఎక్కడా లేదు. పేరుకి పెట్టిన షరతులు శర్మగారు చెప్పినవే: అక్షరాల సంఖ్య, ముగింపు, అర్థం.
లెక్కకి సీతమ్మ పేర్లలో జానకి, వైదేహి, మైథిలి పుట్టింటి పేర్లు. పెళ్లికి, వనవాసానికి, లంకకి ముందునుంచీ ఆవిడవి. అందుకే సీత అని పెట్టడానికి వెనకాడే ఇళ్లలో కూడా జానకి, వైదేహి నిస్సంకోచంగా పెడతారు. తెలుగు ఇళ్లలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

రేవతి_నెల్లూరు
ఓరుగల్లు_చదువరి గారూ, ఒక చిన్న అభ్యంతరం. సీత కూడా పుట్టింటి పేరే కదండీ. బాలకాండ అరవై ఆరో సర్గలో జనకుడే విశ్వామిత్రుడితో చెప్తాడు, యాగభూమి దున్నుతుంటే నాగలి చాలులో దొరికింది, అందుకే సీత అని పేరు అని. సీత అంటే నాగటిచాలు. ఋగ్వేదం నాలుగో మండలం యాభై ఏడో సూక్తంలో సీతని పంటలిచ్చే దేవతగా స్తుతించారు, అంటే రామాయణ కథతో పని లేకుండానే ఆ మాటకి పూజ ఉంది. పుట్టింటి పేరు కాబట్టి జానకి మంచిది, సీతకి దోషం అనడం సరికాదు. రెండూ మంచివే. జానకికి వచ్చిన అదనపు లాభం ఏంటంటే, వాడుకలో కష్టాల సామెత దానికి అంటుకోలేదు, అంతే.

ఓరుగల్లు_చదువరి
ఒప్పుకుంటున్నానండి, దోషం అనే ఉద్దేశం నాది కాదు. జనం మనసులో ఉన్న తేడా గురించే రాశాను. మీరన్నట్టు సామెత అంటుకోకపోవడమే అసలు కారణం.

మిథిలాయాత్ర
ఆ భయం మనకే కాదు, అసలు మిథిలలోనే ఉంది. మార్గశిర శుద్ధ పంచమిని అక్కడ వివాహ పంచమి అంటారు, సీతారాముల పెళ్లిరోజు. జనకపురంలో పెద్ద ఉత్సవం చేస్తారు, అయోధ్య నుంచి మగపెళ్లివారు వచ్చినట్టుగా ఊరేగింపు జరుగుతుంది. అయినా ఆ రోజు మైథిలులు తమ ఆడపిల్లలకి పెళ్లిళ్లు చేయరు, సీతకి దక్కని సుఖం తమ పిల్లకి దక్కకపోతుందేమోనని. అదే జనం కూతుళ్లకి జానకి, మైథిలి, వైదేహి, సియా అని పేర్లు పెట్టుకుంటారు. తిథిని తప్పిస్తారు గానీ పేరుని తప్పించరు.
జనకపురం ఇప్పుడు నేపాల్‌లో ఉంది. అక్కడి జానకీ మందిరాన్ని టీకంగఢ్ రాణి వృషభానుకుమారి కట్టించింది, 1910 ప్రాంతంలో పూర్తయింది. తొమ్మిది లక్షలు ఖర్చయిందని నౌలఖా మందిరం అంటారు. బిహార్‌లో సీతామఢీ దగ్గర పునౌరా ధామ్‌ని కూడా జన్మస్థలంగా కొలుస్తారు. వైశాఖ శుద్ధ నవమి జానకీ నవమి, అంటే సీతమ్మ పుట్టినరోజు. తెలుగునాట మనం శ్రీరామనవమినాడే కల్యాణం చేసేస్తాం కాబట్టి ఈ తిథి మనలో పెద్దగా ఎవరికీ పట్టదు. పాప పుట్టినరోజు దగ్గర్లో వస్తే గుర్తుపెట్టుకోదగ్గ రోజు.

రాగమాలిక
చరిత్ర అడిగారు కదా, ఈ పేరున్న ఆడవాళ్లని పుట్టిన సంవత్సరాల వరుసలో చూడండి. ఏ తరంలో ఈ పేరు వెలిగిందో తెలుస్తుంది.
అలహాబాద్ గాయని జానకీబాయి 1880లో పుట్టింది. 1911 ఢిల్లీ దర్బారులో గౌహర్ జాన్‌తో కలిసి పాడింది. గాంధీగారి అనుచరురాలు జానకీదేవి బజాజ్ 1893, పద్మవిభూషణ్ 1956లో వచ్చింది. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ 1897లో తలశ్శేరిలో పుట్టారు. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో పనిచేశారు, సాగు మొక్కల క్రోమోజోముల మీద డార్లింగ్టన్‌తో కలిసి 1945లో పుస్తకం తెచ్చారు, ఆవిడ పేరుతో ఇంగ్లండులో ఒక మాగ్నోలియా పూలమొక్క ఉంది. తమిళనాడు తొలి మహిళా ముఖ్యమంత్రి జానకీ రామచంద్రన్ 1923లో వైక్కంలో పుట్టారు. 1988 జనవరిలో మూడు వారాలపాటే ఆ పదవిలో ఉన్నారు. మలయాలో పుట్టిన జానకి తేవర్ 1925, నేతాజీ సైన్యంలో ఝాన్సీరాణి దళంలో అధికారి.
మన తెలుగువాళ్లలో ఇద్దరు. షావుకారు జానకిగారు 1931లో రాజమండ్రిలో పుట్టారు. 1950లో వచ్చిన తొలి సినిమా పేరే ఇంటిపేరైపోయింది. గాయని ఎస్. జానకిగారు 1938లో రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టారు. అప్పుడు ఒకే రంగంలో జానకులు ఎక్కువ. వి.ఎన్. జానకి (పైన చెప్పిన జానకీ రామచంద్రన్), ఎస్. జానకి, షావుకారు జానకి అని విడదీసి చెప్పాల్సి వచ్చేది. ఒక పేరు ఎంత విరివిగా ఉండేదో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.
ఈ వరుసలో మలబారు, మద్రాసు, ఆంధ్ర, అలహాబాదు, మలయా అన్నీ ఉన్నాయి. సంస్కృతం పేరు కావడం వల్ల ఏ ఒక్క భాషకీ సొంతం కాలేదు. కుమారదాసు సంస్కృత మహాకావ్యం పేరు జానకీహరణం, కంబ రామాయణంలో "సానకి", హిందీవాళ్లకి "జాన్కీ". మలయాళంలో ముద్దుగా "జాను", అది అక్కడ పూర్తి పేరుగా కూడా చెల్లుతుంది.

మిథిలాయాత్ర
కేరళ అంటే గుర్తొచ్చింది. 2025లో ఒక మలయాళ సినిమా పేరులో "జానకి" ఉండడం మీద సెన్సారు బోర్డు అభ్యంతరం చెప్పింది, విషయం కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి పక్కన ఒక ఇనీషియల్ చేర్చి విడుదల చేశారు. దేవత పేరు కదా అన్నది ఒక వాదన. ఇంటింటా ఉన్న మామూలు పేరు కదా అన్నది ఇంకో వాదన. జానకి విషయంలో రెండూ నిజమే.

గణాంక_బుల్లోడు
ఇప్పుడు ఎంతమంది పెడుతున్నారు అన్నదానికి పేర్ల వారీ లెక్కలు మన రాష్ట్రాల్లో ఎవరూ అచ్చేయరు. బేబీ నేమ్స్ వెబ్‌సైట్లలో కనిపించే ర్యాంకులు వాళ్ల సైటులో ఎంతమంది నొక్కారో చెప్తాయి తప్ప ఎంతమంది పెట్టారో చెప్పవు. వాటిని నమ్మకండి. అమెరికాలో అయితే సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ శాఖ వాళ్లు ఏటా లెక్క ఇస్తారు. ఒక సంవత్సరంలో అయిదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరు అందులో కనిపించదు, కనుక జాబితాలో లేదంటే ఎవరూ పెట్టలేదని అర్థం కాదు. స్పెల్లింగు మారితే వేరే పేరుగా లెక్కేస్తారు, అది కూడా గుర్తుంచుకోవాలి.
మన దగ్గర ఓటరు జాబితాతో ఒక అంచనాకి రావచ్చు. రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారి వెబ్‌సైటులో పోలింగు కేంద్రాల వారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, లింగం ఉంటాయి. పద్ధతి ఇది:
మీ ప్రాంతంలో అయిదారు కేంద్రాలు తీసుకోండి, పల్లె, పట్నం రెండూ ఉండేలా. ఒక్క కేంద్రంలో ఉండేది సుమారు వెయ్యి మంది, అది చాలదు. వెతికేటప్పుడు "జానకి" అని కాకుండా "జానక" వరకే చూడండి, లేకపోతే జానకమ్మలు తప్పిపోతారు. "జానికి", "జనకి" అని తప్పుగా అచ్చయినవి కూడా పట్టుకోండి. జానకిరామయ్య, జానకిరామ్ లాంటి మగ పేర్లు తీసేయండి, ఈ పేరుకి అవి చాలా ఎక్కువ. తర్వాత ఆడవాళ్లని డెబ్బై పైన, యాభై నుంచి అరవై తొమ్మిది, ముప్పై నుంచి నలభై తొమ్మిది, పద్దెనిమిది నుంచి ఇరవై తొమ్మిది అని గుంపులు చేసి, ఒక్కో గుంపులో వందకి ఎంతమంది జానకులో చూడండి. ఊరికే తలలు లెక్కేస్తే తప్పుతుంది, ఎందుకంటే డెబ్బై దాటినవాళ్ల మొత్తం సంఖ్యే తక్కువ.
ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆ పీడీఎఫ్‌లు చాలావరకు బొమ్మల రూపంలో ఉంటాయి, అక్షరాలు వెతికితే దొరకవు, కంటితో చూడాలి. పెద్దవాళ్ల వయసులు ఉజ్జాయింపుగా రాసినవి. పద్దెనిమిది లోపు పిల్లలు అసలు ఉండరు. లెక్కపెట్టుకుని ఆపండి, ఎవరి పేరూ చిరునామా బయట పెట్టకండి.

రాగమాలిక
గణాంక_బుల్లోడు గారి పద్ధతి బాగుంది. పేర్ల మారుతీరు మీద నా అభిప్రాయం కూడా చెప్తాను. జానకి, అనసూయ, సరోజిని, కమల, శకుంతల ఒకే తరం. ఆ తర్వాత రాణి, కుమారి, లక్ష్మి చేర్చిన జంట పేర్లు వచ్చాయి. ఆ వెనక స్వాతి, శ్రావణి, స్రవంతి, మౌనిక. ఇప్పుడు పెట్టేవి "ఇక", "ఇత", "అన్వి" లాంటి ముగింపులతో రెండు మూడక్షరాల పేర్లు, ఒక తరగతి గదిలో ఒకదానికొకటి దగ్గరగా వినిపించేవి నాలుగైదు ఉంటున్నాయి. అలాంటి చోట జానకి అంటే ఎవరికీ ఎవరితోనూ పొరపాటు పడే పని లేదు. అమ్మమ్మ తరం పేరు కాబట్టి పాతదనే మాట నిజమే, కానీ అమ్మ తరంలో తక్కువైంది కాబట్టి పిల్లకి పెడితే తాజాగానే ఉంటుంది. వైదేహి, మైథిలి, అవనిజ, భూమిజ ఇప్పటికే మళ్లీ వినిపిస్తున్నాయి. జానకి వాటికన్నా పలకడానికి తేలిక.

కృష్ణాతీరం
ఇన్ని వివరాలిచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో పెద్దవాళ్లకి ఆపస్తంబం మాట చెప్పాక కాస్త మెత్తబడ్డారు. ఇక ఇంగ్లీషు స్పెల్లింగు, ఉచ్చారణ గురించి చెప్పండి. అలాగే విడిగా జానకి అని ఉంచాలా, జానకీదేవి అనో శ్రీజానకి అనో పెట్టాలా?

శబ్దమంజరి
ముందు తెలుగు ఉచ్చారణ చెప్తాను, అక్కడే చాలామంది తప్పుతారు. తెలుగులో "జ"కి రెండు ధ్వనులు. జామ, జారు, జానెడు అన్నప్పుడు నాలుక కొన పళ్ల దగ్గరికి వెళ్తుంది, అది దంత్యం. పాత నిఘంటువుల్లో దాన్ని "ౙ" అని వేరుగా చూపేవారు. జాతి, జయం, జలం లాంటి సంస్కృతం మాటల్లో నాలుక నడిమి భాగం అంగిలిని తాకుతుంది, అది తాలవ్యం. జానకి సంస్కృతం మాట, కనుక "జాతి"లోని జా పలకాలి, "జామ"లోది కాదు. పక్కపక్కనే రెండూ పలికి చూడండి, తేడా నోటికి తెలుస్తుంది.
వాడుకలో "జానికి", "జానికమ్మ" అని కూడా వింటాం. చివరి "కి"లోని ఇకారం వెనక అక్షరాన్ని లాగుతుంది. మాటలో పరవాలేదు, రాతలో రానివ్వకండి. విభక్తి చేర్చినప్పుడు "జానకికి" అవుతుంది, రెండు "కి"లు పక్కపక్కన పడతాయి, గబగబా అంటే "జానక్కి". అది తప్పేమీ కాదు.
జంట పేరు గురించి: జానకీదేవి అంటే అయిదక్షరాలు, శ్రీజానకి నాలుగు. బేసి లెక్క చూసేవాళ్లకి శ్రీజానకి కుదరదు. ఒక్క జానకి చాలు. పొడుగు పేరు రికార్డుల్లో పెట్టి ఇంట్లో సగం పిలిస్తే, బడిలో హాజరు పిలిచే పేరొకటి, పిల్ల పలికే పేరొకటి అవుతుంది.

డాలస్_తెలుగు
స్పెల్లింగు. జే, ఏ, ఎన్, ఏ, కే, ఐ అన్నదే అంతటా చెల్లే రాత. దక్షిణాది రికార్డుల్లో అదే. కేరళలో చివర ఐ బదులు వై కనిపిస్తుంది. ఉత్తరాదిలో రెండో ఏ తీసేస్తారు, ఎందుకంటే హిందీలో మధ్య "న"లోని అకారం పలకరు. అలా రాస్తే మనవాళ్లు కూడా "జాన్కి" అనే చదువుతారు, అది వద్దు.
అమెరికన్లు ఈ ఆరక్షరాలని చూస్తే రెండో అక్షరం మీద బరువు పెట్టి "జనాకి" అంటారు. మూడు భాగాలుండి చివర అచ్చు ఉన్న పరాయి మాటలన్నిటినీ అలాగే చదవడం వాళ్లకి అలవాటు. మొదట రెండు ఏలు పెడితే ఆ బరువు ముందుకి వస్తుంది, "జా" నిలుస్తుంది. కానీ ఇండియా కాగితాల్లో ఒక ఏ, అక్కడ రెండు ఏలు అయితే తర్వాత వీసా దగ్గర తలనొప్పి. మొదట ఏది ఎంచుకుంటే చివరి వరకూ అదే. నా ఓటు ఒక్క ఏ ఉన్న మామూలు రాతకే. టీచరుకి ఒకసారి పలికి వినిపిస్తే సరిపోతుంది, ఈ పేరులో వాళ్ల నోరు తిరగని ధ్వని ఒక్కటీ లేదు. ఒత్తులు లేవు, "ళ", "ణ" లేవు.
జర్మనీలో ఇబ్బంది వేరు. వాళ్ల భాషలో జే అక్షరం "య" అని పలుకుతుంది, కాగితం చూసి "యానకి" అంటారు. స్పానిష్ వాళ్లు గొంతులోంచి "హానకి" లాగా అంటారు. దీనికి స్పెల్లింగుతో మందు లేదు, చెప్పి దిద్దుకోవడమే.
న్యూమరాలజీ కోసం చివర రెండు ఐలు, జే పక్కన హెచ్ చేర్చడం దయచేసి చేయకండి. హెచ్ చేరిస్తే చదివేవాళ్లు "ఝానకి" అంటారు, అప్పుడు అర్థమే పోతుంది.

మీసేవ_కౌంటర్
కాగితాల పని చెప్తాను. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. ఆస్పత్రిలో పేరు లేకుండానే నమోదు చేస్తారు, కంగారు అక్కర్లేదు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఆలస్య రుసుము ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టి చేర్పించవచ్చు. మీసేవలో "చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్" అని అడగండి.
2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి పాస్‌పోర్టులో పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. కనుక అన్నిటికీ ఇదే పునాది. ఇందులో తప్పు పడితే ఆధార్, బడి, పాస్‌పోర్టు అన్నీ తప్పే.
ఈ పేరుకి తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆపరేటరు ఇంగ్లీషులో కొడితే కంప్యూటరు దానంతట అదే తెలుగు చేస్తుంది. ఒక ఏ మాత్రమే ఉంది కాబట్టి "జనకి" అని వస్తుంది. ఎవరూ చూడకుండా ప్రింటు తీసేస్తారు. ఓటరు కార్డుల్లో ఇన్ని "జనకి"లు ఉండడానికి కారణం అదే. కాబట్టి దరఖాస్తు మీద పేరుని రెండు భాషల్లోనూ విడివిడి అక్షరాలుగా రాసివ్వండి. సబ్మిట్ నొక్కకముందే తెర మీద తెలుగు గడి చూపించమనండి. "జా"కి దీర్ఘం ఉందా, "కి"కి దీర్ఘం లేదా అని రెండే చూసుకోండి.
ఇంటిపేరుని ఒక అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేర్వేరు గడులు, ఒంటి అక్షరం ఉంటే తర్వాత విప్పి రాయమంటారు. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే ఒప్పుకుంటారు, చిన్న స్పెల్లింగు దిద్దుబాటుకి ఒక అవకాశం వృథా చేసుకోవద్దు.

రేవతి_నెల్లూరు
ముద్దుపేరు సంగతి ఎవరూ చెప్పలేదు. జాను, జానూ అన్నవి వాటంతటవే వచ్చేస్తాయి. పెద్దయ్యాక జానకమ్మ, జానకక్క, జానకత్త అని ఏ వరసకైనా చక్కగా కలుస్తుంది. వైదేహి, మైథిలికి "అమ్మ" చేరిస్తే నోరు కాస్త తడబడుతుంది. ఒక జాగ్రత్త, "జానీ" అని కుదించడం మొదట్లోనే ఆపండి. బడిలో అది మగపిల్లాడి పేరుగా స్థిరపడుతుంది.
తర్వాత పుట్టే పిల్లకి జతగా పేరు కావాలంటే ఊర్మిళ ఉంది, అక్కాచెల్లెళ్లుగా అసలైన జంట. కుశధ్వజుడి కూతుళ్లు మాండవి, శ్రుతకీర్తి కూడా ఉన్నారు. మాండవి ఇప్పుడు దాదాపు ఎవరూ పెట్టడం లేదు, మంచి పేరు.

పంచాంగం_శర్మ
కృష్ణాతీరం గారూ, బారసాల పదకొండో రోజున గానీ ఇరవై ఒకటో రోజున గానీ చేసుకోండి. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసేటప్పుడు మొదట "శ్రీ" రాసి కింద జానకి అని రాయండి, ఆ శ్రీ మంగళార్థం, పేరులో భాగం కాదు. కాగితాల్లోకి దాన్ని ఎక్కించనక్కర్లేదు. చెవిలో పేరు చెప్పేటప్పుడు కుడిచెవిలో మూడుసార్లు చెప్పండి. అక్షరం, పేరు ఒకటే అయింది కనుక మీకు వేరే నక్షత్రనామం అవసరం లేదు.

కృష్ణాతీరం
జానకి అనే ఖాయం చేశాం. ఒక ఏ ఉన్న స్పెల్లింగుతోనే వెళ్తున్నాం. దరఖాస్తు మీద రెండు భాషల్లో రాసిపెట్టుకున్నాం. అందరికీ కృతజ్ఞతలు.